మర్రిగూడ నీళ్లు, నా కుడి మోకాలు

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ పాఠకుల ఉత్తరాల్లో ఒకాయన మావంటి వాళ్ల మీద రాశారు. మిలిటరీ నుంచి వచ్చినవాళ్లు ట్రాక్టర్లు నడుపుకుంటూ, తోటలు పెట్టుకుని, పెళ్లిళ్లకు తిరుగుతూ వికలాంగుల పింఛను కూడా తీసుకుంటున్నారని, నిజంగా కాళ్లు లేనివాళ్ల నోటి కూడు లాక్కుంటున్నారని ఆయన బాధ. ఎవరి గురించి రాశారో పేరు పెట్టలేదు. ట్రాక్టరు, బత్తాయి తోట, పెళ్లిళ్లు, మూడూ నాకు సరిగ్గా సరిపోయాయి. నాకు నాలుగెకరాల బత్తాయి తోట ఉంది. ట్రాక్టరు మా తమ్ముడిదీ నాదీ కలిపి. ఆయన చెప్పిన పింఛను కూడా తీసుకుంటున్నాను. అందుకే జవాబు నేనే రాస్తున్నాను.

ఆయన మీద నాకు కోపం లేదు. మా ఊళ్లో చాయ్ హోటల్ దగ్గర కూడా ఇదే మాట నడుస్తుంది. పొరపాటు ఆ పేరులోనే ఉంది. ఊళ్లో అందరికీ తెలిసిన వికలాంగుల పింఛను రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చేది. సదరం క్యాంపుకు పోవాలి, 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ రావాలి. 2023లో దాన్ని నెలకు 4,016 రూపాయలు చేశారు. నాకు వచ్చేది ఆ డబ్బు కాదు. ఆ సర్టిఫికెట్ కోసం నేను ఏనాడూ లైన్లో నిలబడలేదు. నాది రక్షణ శాఖ ఇచ్చేది. ఇంగ్లిష్‌లో దాన్ని డిజేబిలిటీ ఎలిమెంట్ అంటారు, అంటే సర్వీసు పింఛనుకు కలిపే ఒక ముక్క. సర్వీసు నిండాక ఇంటికి వచ్చేవాడికి అది రావాలంటే మిలిటరీ డాక్టర్ల మెడికల్ బోర్డు కనీసం 20 శాతం వైకల్యం వేయాలి. దానితో పాటు ఆ దెబ్బ గాని జబ్బు గాని సర్వీసు వల్లే వచ్చిందనో, సర్వీసు వల్ల ముదిరిందనో తేలాలి. ఈ రెండో దాని దగ్గరే మా బతుకులు ఆగిపోతాయి. తెలుగు పేపర్లలో రెండింటినీ 'వికలాంగ పింఛను' అనే రాస్తున్నారు. ఊళ్లో వాళ్లు మమ్మల్ని దొంగల్లా చూడటానికి ఆ మాట కూడా ఒక కారణమని మీకు మనవి.

ఇక నా మోకాలి సంగతి.

నేను పుట్టింది మర్రిగూడ మండలంలో. మా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి మీ పేపరు చదివేవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. మా అమ్మ నడుము యాభై ఏళ్లకే వంగిపోయింది. ఇప్పుడు మనిషి ముఖం చూడాలంటే తల పక్కకు తిప్పి చూస్తుంది. మా వీధిలో ఇద్దరు పిల్లలు మోకాళ్లు ఒకదానికొకటి తగులుతూ నడిచేవాళ్లు. నేనూ ఆ బోరు నీళ్లే తాగాను. నా ముందు పళ్ల మీద గోధుమ రంగు చారలు ఉన్నాయి. అవి ఫ్లోరైడ్ పెట్టినవే, కాదనను. ఈ చారల సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకో కింద తెలుస్తుంది.

1994లో మిలిటరీ భర్తీకి పోయాను. పరుగు అయిపోయాక మమ్మల్ని వరసగా నిలబెట్టి మడమలు కలపమన్నారు. ఆ డాక్టరు మాటా పలుకూ లేకుండా ఒక్కొక్కడి మోకాళ్ల మధ్య చెయ్యి పెట్టి చూసుకుంటూ పోయాడు. మోకాళ్లు తగిలినవాణ్ని పక్కకు జరగమన్నాడు. నాక్ నీ అంటారు దాన్ని, అది ఉంటే ఫౌజులో తీసుకోరు. మా మండలం నుంచి పోయిన ఐదుగురిలో ఇద్దరు అక్కడే ఆగిపోయారు. ఒకడు నాకన్నా బాగా ఉరికేవాడు, పాపం, చెట్టు కింద కూచుని ఏడ్చాడు. నన్ను తీసుకున్నారు. పళ్లు లెక్కపెట్టి, చారలు చూసి కూడా ఫిట్ అని రాశారు. ఫ్లోరైడ్ కాళ్లు ఏవో, కానివేవో ఏరి పక్కన పెట్టాకే నన్ను లోపలికి రానిచ్చారన్నమాట. అప్పటిదాకా నా మోకాళ్లకు తెలిసిన కష్టం చెర్వుగట్టు గుడి మెట్లే. అమావాస్య నాడు మా నాయనతో పోయి, ఆయనకన్నా ముందు గుట్టెక్కి, మళ్లీ కిందికి ఉరికొచ్చి చేతిలో సంచి అందుకునేవాణ్ని.

గోల్కొండలో ఆర్టిలరీ, అంటే ఫిరంగుల దళం, సెంటర్లో ట్రైనింగ్. అక్కడి రాతి నేల మీద పరుగు, పీటీ, రగ్‌డా. రగ్‌డా అంటే పనిష్‌మెంటు అనుకోండి. మోచేతుల మీద, మోకాళ్ల మీద పాకించేవాళ్లు. వయసు అట్లాంటిది, రాత్రి కొబ్బరినూనె రాసుకుంటే పొద్దునకు సర్దుకునేది.

1999 మే నుంచి జులై దాకా కార్గిల్ యుద్ధంలో ద్రాస్ దగ్గర ఉన్నాం. కార్గిల్ అనగానే అందరికీ గుర్తొచ్చేది బోఫోర్స్ గన్ను. దాని గుండు ఒక్కొక్కటి నలభై కిలోల పైమాటే. టీవీలో గన్ను పేలడం చూపిస్తారు గాని, ఆ గుండ్లు లారీలోంచి గన్ను దాకా ఎట్లా వచ్చాయో చూపించరు. మనుషులు మోస్తేనే వచ్చాయి. ద్రాస్ 10,800 అడుగుల ఎత్తు. అక్కడ ఉత్తి చేతులతో నడిస్తేనే ఆయాసం వస్తుంది. రాత్రి లైటు లేకుండా, రాళ్ల మీద, గుండును పసిపిల్లను పట్టుకున్నట్టు పొట్టకు ఆనించుకుని దించేవాళ్లం. ఆ రెండు నెలల్లో ఎన్ని మోశానో లెక్క లేదు. అప్పుడు నాకు ఏ దెబ్బా తగల్లేదు, అది కూడా చెప్పాలి. కానీ సున్నం బస్తాలు మోసే హమాలీని పిలిచి మోకాళ్లు ఎప్పుడు అరిగాయి, తేదీ చెప్పమంటే ఏం చెబుతాడు?

నా దెబ్బకు మాత్రం తేదీ ఉంది. 2006 జనవరి. ఉత్తర కశ్మీర్‌లో మా ఆఫీసరు వెంట ఓపీ పార్టీలో పైన పోస్టులో ఉన్నాను. ఓపీ అంటే కొండ మీద కూచుని, గుండు ఎక్కడ పడిందో చూసి కింద గన్నుకు చెప్పే చోటు. వీపు మీద రేడియో సెట్టు, సంచిలో బ్యాటరీలు, భుజానికి రైఫిల్. దిగేటప్పుడు మంచు కింద గడ్డకట్టిన నీళ్ల మీద కాలు పడింది. పాదం రాయి సందులో ఇరుక్కుంది, ఒళ్లు ఇటు తిరిగింది, మోకాలు మధ్యలో మెలిపడింది. లోపల చెరుకు గడ విరిచినట్టు చప్పుడు. అరగంటలో మోకాలు గుమ్మడికాయంత అయింది.

కింద ఎంఐ రూములో, అంటే యూనిట్ దవాఖానాలో, నర్సింగ్ అసిస్టెంటు మంచివాడు. క్రేప్ బ్యాండేజీ కట్టాడు, బ్రూఫెన్ ఇచ్చాడు, వారం రోజులు అటెన్-సి రాశాడు. అంటే పరుగులు, పీటీ లేకుండా కూచోబెట్టే డ్యూటీ. ఇంజురీ రిపోర్టు రాస్తారా అని నేనే అడిగాను. అప్పుడు మా సీనియర్ ఒకాయన చెప్పిన మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "రిపోర్టు అంటే సాక్షులు, ఎంక్వైరీ, సాబ్ సంతకం. నిన్ను కిందికి హాస్పిటల్‌కు పంపాలి. నీ బదులు పైకి ఎవరు పోతారు? పైగా కేటగిరీ పడితే హవల్దార్ ప్రమోషన్ పోతుంది. వారంలో తగ్గేదానికి ఎందుకు గోల?" ఆయన చెడ్డవాడేం కాదు. నాలుగేళ్ల ముందు ఆయన భుజం జారితే ఆయనా ఇట్లాగే కట్టు కట్టించుకుని ఊరుకున్నాడు. నేనూ ఊరుకున్నాను. ఇందులో నా తప్పు కూడా ఉంది. 'లో మెడికల్ కేటగిరీ', అంటే ఒంట్లో లోపం ఉందన్న ముద్ర, అది మాకు ఎంత భయమో బయటివాళ్లకు అర్థం కాదు. కోర్సు రాదు, ప్రమోషన్ ఆగుతుంది, లైన్లో తోటివాళ్లు కామ్‌చోర్, పనిదొంగ అంటారు. అందుకని మోకాలి నొప్పి ఉన్నవాడు ముందు దాన్ని దాచడం నేర్చుకుంటాడు. పొద్దున పరుగుకు ముందు ఒక మాత్ర, రాత్రి ఒక మాత్ర. నేను ఐదేళ్లు అట్లా నెట్టుకొచ్చాను. హవల్దార్‌నీ అయ్యాను.

2011లో పీస్ స్టేషన్‌కు, అంటే సరిహద్దుకు దూరంగా ఉండే కంటోన్మెంటుకు, వచ్చాం. బీపీఈటీ అని ఒక పరీక్ష ఉంటుంది, ఆయుధం, ప్యాక్ వేసుకుని ఐదు కిలోమీటర్లు ఉరకాలి. నాలుగో కిలోమీటర్లో మోకాలు తలుపు గడియ పడినట్టు పట్టేసింది. చాపుదామంటే రాదు, మడుద్దామంటే రాదు. ఈసారి దాచడానికి లేదు, స్ట్రెచర్ మీద తీసుకుపోయారు. ఎంఆర్ఐలో తేలింది, లోపలి మెనిస్కస్ చిరిగి ఉంది, ముందరి లిగమెంటు సగం తెగి ఉంది. ఆ సర్జన్ ఎవరో గాని దేవుడు, బొమ్మ గీసి ఓపికగా చెప్పాడు. మెనిస్కస్ అంటే రెండు ఎముకల మధ్య నెలవంక ఆకారంలో ఉండే మెత్తటి గుజ్జట. బోరు మోటారులో వాషరు లాంటిదని నేను అర్థం చేసుకున్నాను. చిరిగిన ముక్క తీసేస్తే నొప్పి తగ్గుతుంది, కానీ వాషరు పలచబడింది గనక బరువంతా ఎముక మీద పడి అరుగుదల తొందరగా వస్తుంది. "ఇది కొత్త చిరుగు కాదు, పాతది. ఎప్పుడైనా మెలిపడిందా?" అని అడిగాడు. కశ్మీర్ సంగతి చెప్పాను. కేస్ షీట్లో ఒక్క లైను రాసుకున్నాడు. ఆ ఒక్క లైనే పన్నెండేళ్ల తర్వాత నన్ను నిలబెట్టింది.

అక్కడి నుంచి నేను కేటగిరీ మనిషిని. మాకు ఐదు అక్షరాల లెక్క ఉంటుంది, షేప్ అంటారు. అందులో 'ఎ' కాళ్లూ చేతులకు, పక్కన అంకె పెరిగితే లోపం పెరిగినట్టు. నాకు ఎ-3 వేసి, తర్వాత ఎ-2 పర్మనెంట్ చేశారు. ఆ తర్వాత ఏడేళ్లు స్టోర్లో లెక్కలు రాశాను.

2018లో 24 ఏళ్ల సర్వీసు నిండింది. ఇంటికి పంపేముందు రిలీజ్ మెడికల్ బోర్డు ఉంటుంది. మోకాలు వంచమన్నారు, చాపమన్నారు, కొత్త ఎక్స్‌రే తీశారు. కుడి మోకాలు ఆస్టియో ఆర్థరైటిస్, అంటే కీలు అరుగుదల, 20 శాతం, జీవితాంతం. అక్కడిదాకా సరే. ఫారం చూస్తూ బోర్డులో ఒకరు నన్ను అడిగారు. "నేటివ్ ప్లేస్ నల్గొండా? అక్కడి నీళ్లలో ఫ్లోరైడ్ కదా, మీవాళ్లందరికీ కీళ్ల నొప్పులే కదా?" ఆయన నవ్వుతూనే అన్నారు, వెక్కిరించాలని కాదు. నేను "అవును సాబ్" అన్నాను. ఇరవై నాలుగేళ్ల అలవాటు, నోట్లోంచి అదే వస్తుంది.

రెండు మూడు నెలలకు కాగితం వచ్చింది. నా వైకల్యం సర్వీసు వల్ల వచ్చింది కాదు, సర్వీసు వల్ల ముదిరిందీ కాదు, కాబట్టి డిజేబిలిటీ ఎలిమెంట్ రాదు. పది రూపాయల పోస్టల్ ఆర్డరు పెట్టి, ఆర్టీఐ కింద బోర్డు కాగితాలు, ఏఎఫ్ఎంఎస్ఎఫ్-16 అనే ఫారం, తెప్పించుకున్నాను. అందులో ఫ్లోరైడ్ మాట ఎక్కడా లేదు. వయసుతో వచ్చే అరుగుదల, పీస్ స్టేషన్‌లో మొదలైంది, ఫీల్డు డ్యూటీతో సంబంధం లేదు అని రెండు లైన్లు. అదే ఫారంలో నేను ఎక్కడెక్కడ పనిచేశానో పట్టిక ఉంది. ప్రతి చోటుకు ఎదురుగా ఫీల్డ్, పీస్ అని రాసి ఉంటుంది. ద్రాస్ ఉంది, కశ్మీర్ ఉంది. పట్టిక ఒక పేజీలో, నిర్ణయం ఇంకో పేజీలో. ఒకదాన్ని ఒకటి చూసుకున్నట్టు లేదు. బోర్డువాళ్ల ముందు ఆ రోజు ఎంతమంది ఉన్నారో నేనూ చూశాను, ఒక్కొక్కరికి పావుగంట కూడా పట్టలేదు.

ఆ నీళ్ల మాట మాత్రం నన్ను వదల్లేదు. రాసినదాని మీద అప్పీలు చేసుకోవచ్చు, నవ్వుతూ అన్నదాని మీద ఏం చేస్తాం? నేనే నల్గొండలో ఒక ఎముకల డాక్టరు దగ్గరికి పోయి అడిగాను, నిజంగా మా ఊరి నీళ్లేనా అని. ఆయన మా దిక్కు కేసులు ఎన్నో చూసినవాడు. ఫ్లోరైడ్ ఎముకకు పడితే ముందు వెన్ను, నడుము పట్టుకుంటుందని, మోచేతి కింద రెండు ఎముకల మధ్య పొర గట్టిపడి ఎక్స్‌రేలో తెల్లగా కనిపిస్తుందని చెప్పి, నా ముంజేయి, వెన్ను ఫొటోలు తీయించాడు. రెండూ శుభ్రంగా ఉన్నాయి. "నీళ్లు తాగితే రెండు మోకాళ్లూ తాగుతాయి కదా, కుడిదొక్కటే ఎందుకు చెడుతుంది?" అన్నాడు. ఇంటికొచ్చి మా అమ్మకు చెబితే ఆమె తల పక్కకు తిప్పి నా మొహం చూసి, "నాది తాగితే వచ్చింది కొడుకా. నీది మోస్తే వచ్చింది. గా మాత్రం తెల్వదా ఆళ్లకు?" అంది.

అప్పీలుకు ఆరు నెలల గడువు ఉంటుందని నాకు తెలిసేసరికి ఎనిమిది నెలలయ్యాయి. ఆలస్యానికి క్షమించమని రాసి మొదటి అప్పీలు పెట్టాను. కొట్టేశారు. రెండోది పెట్టాను, కరోనా వచ్చింది, అదీ పోయింది. ఆ కాగితాల కథంతా రాస్తే మీ పేపరు చాలదు, వదిలేస్తున్నాను. 2021లో సాయుధ దళాల ట్రిబ్యునల్‌కు పోయాను. మన తెలంగాణ చెన్నై బెంచి కిందికి వస్తుంది. నల్గొండలో సాయంత్రం చెన్నై రైలెక్కి, కింది బెర్తు దొరక్కపోతే కుడికాలు కిందికి వేలాడేసుకుని తెల్లవార్లూ కూచుని పోయిన రోజులున్నాయి. ఆ బెంచిలో ఒకరు జడ్జి, ఒకరు రిటైరైన పెద్ద ఆఫీసరు. ఆఫీసరు ఉంటే మనకు వ్యతిరేకమేమో అని భయపడ్డాను. తీరా చూస్తే ఆయనే నా పట్టికలో ద్రాస్ అన్న మాట దగ్గర వేలు పెట్టి, అక్కడ నువ్వు గన్ను మీద ఉన్నావా అని హిందీలో అడిగాడు.

మా వకీలు నిలబడింది రెండు సుప్రీంకోర్టు తీర్పుల మీద. మావాళ్లెవరైనా చదువుతుంటే వీటిని రాసి పెట్టుకోండి. ఒకటి 2013 జులైలో వచ్చిన ధరమ్‌వీర్ సింగ్ కేసు. భర్తీ అయినప్పుడు కాగితాల్లో ఏ జబ్బూ రాయకపోతే ఆ సిపాయి ఆరోగ్యంగానే చేరాడని అనుకోవాలి, తర్వాత ఆరోగ్యం చెడితే అది సర్వీసు వల్లేనని అనుకోవాలి, కాదని నిరూపించే బాధ్యత ప్రభుత్వానిదే, ఊరికే కాదంటే చెల్లదు, ఎందుకు కాదో బోర్డు కారణం రాయాలి. నా మోకాళ్ల మధ్య చెయ్యి పెట్టి చూసిన ఆ 1994 డాక్టరు రాసిన ఫిట్ అన్న మాట అప్పుడు పనికొచ్చింది. రెండోది 2014 డిసెంబరులో వచ్చిన రామ్ అవతార్ కేసు. వైకల్యం శాతాన్ని పైకి సవరించే పద్ధతి ఒకటి ఉంది, 50 లోపు ఉంటే 50గా, 50 నుంచి 75 దాకా 75గా, ఆ పైన 100గా లెక్క కడతారు. అంతకుముందు అది మధ్యలో అనారోగ్యంతో పంపించినవాళ్లకే ఉండేది. సర్వీసు నిండాక వచ్చినవాళ్లకు కూడా ఇవ్వాలని ఆ తీర్పు చెప్పింది.

2023లో నా కేసు గెలిచాను. కశ్మీర్ దెబ్బ గురించి సర్జన్ రాసుకున్న ఆ ఒక్క లైను, నా పోస్టింగుల పట్టిక, ఈ రెండూ చూసి, సర్వీసు వల్ల ముదిరిందని ఒప్పుకుని, 20 శాతాన్ని 50గా సవరించమన్నారు. డబ్బు చేతికి రావడానికి ఇంకో ఏడాది పట్టింది.

మీ పాఠకుడు 50 శాతం పింఛను అంటే జీతంలో సగం అనుకుంటున్నారేమో. లెక్క చెబుతాను. నా చివరి జీతం బేసిక్ 40,400, మిలిటరీ సర్వీస్ పే 5,200, మొత్తం 45,600. నూటికి నూరు శాతం వైకల్యం ఉన్నవాడికి ఈ ఎలిమెంటు ఆ మొత్తంలో 30 శాతం, అంటే 13,680. నాకు అందులో సగం, 6,840. దాని మీద కరువు భత్యం. సవరణ లేకుండా ఉత్త 20 శాతమే అయితే 2,736 రూపాయలు. దీనికోసమే నేను ఐదేళ్లు తిరిగింది. మా ఆవిడ ఒకసారి అడిగింది, వకీలు ఫీజు, రైలు ఛార్జీలు కలిపితే ఎంతయిందో లెక్కేశావా అని. వేయలేదు. వేయను కూడా.

ఇక ట్రాక్టరు నడుపుతాడు, పెళ్లిళ్లకు తిరుగుతాడు అన్న మాటకు వస్తాను. నడుపుతాను. క్లచ్చి ఎడమ కాలిది గనక నడపగలుగుతున్నాను, రోజంతా బ్రేకు తొక్కాల్సి వస్తే తమ్ముడు కూచుంటాడు. తోటలో నిలబడి కాయ కోయగలను. పాదులు తీయాలంటే గొంతుక్కూచోవాలి, అది నా వల్ల కాదు, దానికి కూలీలే. పెళ్లికి పోతాను, బంతిలో కూచోలేను, గోడ పక్కన కుర్చీ అడిగి తెచ్చుకుంటాను. ఇంట్లో మరుగుదొడ్డి మార్పించాను. చెర్వుగట్టుకు ఇప్పుడు ఘాట్ రోడ్డు మీద బండిలో పోతున్నాను. మెట్లయినా ఎక్కేటప్పుడు అంత కాదు, దిగేటప్పుడే మోకాలు ఏడుస్తుంది. మెట్లు దిగేవాణ్ని ఎవరైనా కొంచెం సేపు చూస్తే తెలుస్తుంది, ఎవడిది అసలు నొప్పో. ఉత్తరం రాసినాయన నన్ను ఎక్కినప్పుడే చూసి ఉంటారు.

అబద్ధపు కేసులు లేవని నేను అనను. ఫౌజులో కూడా మనుషులే ఉంటారు. కాళ్లు బాగానే ఉండి పింఛను ముందర కుంటడం మొదలుపెట్టినవాణ్ని నేనే ఒకణ్ని ఎరుగుదును. కానీ నాకు అంతకన్నా ఎక్కువ బాధ కల్వకుర్తి దిక్కు నా స్నేహితుడిది. ఇన్‌ఫెంట్రీ, అంటే కాల్బలం మనిషి, పదిహేడేళ్లు చేశాడు, అందులో సగం కొండల మీదే. ఒక్కసారి కూడా సిక్ రిపోర్టుకు పోలేదని గొప్పగా చెప్పుకునేవాడు. వచ్చేటప్పుడు బోర్డులో కూడా ఏ నొప్పీ లేదని చెప్పాడు, తొందరగా ఇంటికి పోవాలని. షేప్-1, అంటే అన్నీ సక్కగా ఉన్నట్టు. మూడేళ్లకు రెండు మోకాళ్లూ పోయాయి. ఇప్పుడు అతని దగ్గర చూపించడానికి ఒక్క చీటీ లేదు. నాకన్నా ఎక్కువ మోశాడు, నాకన్నా ఎక్కువ నడిచాడు. ఆ గొప్పే అతని కొంప ముంచింది. ఫోన్ చేసినప్పుడల్లా ఏదైనా దారి ఉందా అని అడుగుతాడు, నేను మాట మారుస్తాను.

అందుకే ఒక విన్నపం. ఉమ్మడి నల్గొండ, పాలమూరు జిల్లాల్లో సైనిక సంక్షేమ కార్యాలయాలకు వచ్చే పెద్దమనుషుల్లో చాలామంది తమ బోర్డు కాగితం ఇంగ్లిష్‌లో ఏముందో తెలియకే పదేళ్లు గడిపేశారు. నెలకు ఒక్క రోజు, ఆ కాగితాలు చదివి తెలుగులో చెప్పగలిగిన మనిషిని కూచోబెడితే చాలు. చాలామంది కేసు అక్కడే తేలుతుంది, ఉందో లేదో. లేనివాడు కూడా చెన్నై దాకా పోయి డబ్బు పోగొట్టుకోడు.

ఇప్పుడు చేరుతున్న పిల్లలకైతే ఇది ఇంకా అవసరం. 2023 సెప్టెంబరు 21 తర్వాత వచ్చేవాళ్లకు రూల్సే కొత్తవి, సర్వీసు నిండి వచ్చేవాళ్లకు ఎలిమెంటు పేరు పోయి ఇంపెయిర్‌మెంట్ రిలీఫ్ అయింది. అగ్నివీరులకు సర్వీసే నాలుగేళ్లు, పింఛనే లేదు. సర్వీసు వల్ల దెబ్బ తగిలిందని తేలితే శాతాన్ని బట్టి ఒకేసారి 15, 25, 44 లక్షలు ఇస్తారు. తేలకపోతే మోకాలు తీసుకుని ఇంటికి రావడమే. ట్రైనింగ్‌లో ఎక్కువ పోయేవి మోకాళ్లు, మడమలే, ఏ ఉస్తాద్‌ను అడిగినా చెబుతాడు.

ఈ ఉత్తరం రాయాలని రెండు రోజులు ఊగిసలాడాను. తెగించి రాయించింది నా మేనల్లుడు. అగ్నివీర్‌గా చేరి ట్రైనింగ్‌లో ఉన్నాడు. ఆదివారం ఫోన్ చేసి, "మామా, గోడ దూకినప్పుడు మోకాలు మెలిపడ్డది, వాచింది. రిపోర్టుకు పోతే వెనక బ్యాచ్‌లో వేస్తారట, మావాళ్లంతా వద్దంటున్నారు" అన్నాడు. 2006లో నేను విన్న మాటలే, ఒక్కటి కూడా మారలేదు. ఆ వెంటనే పొమ్మన్నాను. వెనక బ్యాచ్‌లో వేస్తే వేయనీ అన్నాను. మా అక్క నామీద అలిగింది, వాడి పాసింగ్ అవుట్ పరేడ్‌కు టికెట్లు కూడా చేసుకుందట.

నిన్న రాత్రి ఎంఐ రూము చీటీ ఫొటో వాట్సాప్‌లో పంపాడు. తేదీ ఉంది. కుడి మోకాలు వాపు అని ఉంది. ఏం చేస్తుంటే తగిలిందో మాత్రం రాయలేదు. మళ్లీ పోయి, గోడ దూకుతుంటే అని రాయించుకుని, సంతకం పెట్టించుకుని రమ్మన్నాను. జవాబు కోసం చూస్తున్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ హవల్దార్,
మర్రిగూడ మండలం, నల్గొండ జిల్లా